కండక్టరమ్మ మంచం ఖాళీ

ముందుగా ఒక మన్నింపు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పిపోతే పత్రికవాళ్లు వెతికి పట్టుకొచ్చి పెడుతున్నారు. వాళ్ల కంట్లో పడనివి ఏమైనా ఉంటే మీరే సర్దుకుని చదువుకోండి. చెయ్యి నెమ్మది కనుక ఈ వారం కాగితాలు కూడా ఆఖరి ఘడియలోనే అందాయి. ఇక కథ.

మిషనమ్మను ఎక్కడ వదిలామో గుర్తు చేస్తాను. పెళ్లయి వచ్చిన నాటినుంచి కుట్టుమిషన్ తొక్కి తొక్కి కుడిమోకాలు అరగదీసుకున్న మనిషి. అరిగిన కీలు తీసేసి కొత్త కీలు అమర్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. పోయినవారం భాగంలో ఆమె వాకర్ పట్టుకుని ఫిజియో గదిలో తప్పటడుగులు వేస్తుండగా వార్డువైపు నుంచి ఈల వినిపించింది. పొడుగ్గా, ఆగకుండా. గదిలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. అది పక్కమంచం కండక్టరమ్మ ఈల మరి. బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన ఆవిడ, మోకాలు మార్పించుకోడానికి వస్తూ ఆ ఈలను కూడా మెడలో వేసుకొచ్చింది. టీ ఆలస్యమైతే ఈల. డాక్టరు గుమ్మంలో కనిపిస్తే ఈల. మిషనమ్మ వాకర్‌తో బయలుదేరితే, “రైట్, రైట్! ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడకండమ్మా!” అని మళ్లీ ఈల. అందుకే నవ్వారు. మిషనమ్మ కూడా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. తిరిగి వార్డుకి వచ్చేసరికి పక్కమంచం ఖాళీగా ఉంది.

ఇది ఆ మర్నాటి మధ్యాహ్నం.

పక్కమంచానికి కొత్త దుప్పటి పరిచారు. ఎక్కడా ముడత లేదు. దిండు ఉబ్బెత్తుగా ఉంది, దాని మీద ఇంతవరకూ ఏ తలా ఆననట్టు. మిషనమ్మ గుడ్డ తెలిసిన మనిషి. నలిగిన దుప్పటి చూస్తే చాలు, పడుకున్నవాళ్లు ఎటు ఒత్తిగిలారో, రాత్రి నిద్ర పట్టిందో లేదో చెప్పేయగలదు. ఈ దుప్పటి మాత్రం ఏమీ చెప్పడం లేదు. అందుకే దానివైపు చూడాలంటే భయంగా ఉంది. చూడకుండా ఉండాలన్నా భయంగానే ఉంది.

పొద్దున తెల్లబూట్ల నర్సమ్మ వచ్చి ఒళ్లు తుడిచి, రెండు కాళ్లకూ బిగుతు మేజోళ్లు తొడిగింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే సూది పొట్ట మీద గుచ్చింది. గుచ్చుతూ రోజూ అడిగే మాటే అడిగింది.

“మిషన్ తొక్కుతున్నారా అమ్మా?”

ఆపరేషన్ అయినవాళ్లు పడుకున్నా సరే పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. లేకపోతే కాళ్లలో రక్తం నిలవ ఉండిపోతుంది. ఆ సంగతి ఎంత చెప్పినా మిషనమ్మ బుర్రకెక్కకపోతే నర్సమ్మే ఒక ఉపాయం కనిపెట్టింది. “పాదాల కింద మీ మిషన్ పెడల్ ఉందనుకోండి. తొక్కుతూ ఉండండి,” అంది. అప్పటినుంచి మిషనమ్మ పడుకునే గాలిలో జాకెట్లు కుడుతోంది. “నాకూ ఒకటి కుట్టు వదినా. టిక్కెట్లు చింపడానికి అడ్డం రాకుండా చేతులు పొట్టిగా పెట్టు,” అనేది కండక్టరమ్మ, తన పాదాలు కూడా ఆడిస్తూ.

పక్కమంచం ఖాళీ అయినప్పటినుంచి మిషనమ్మ తొక్కడం మానేసింది. పాదం కదిపితే లోపల ఏదో తెగిపోతుందన్న భయం.

“తొక్కుతున్నానమ్మా,” అని అబద్ధమాడింది. ఆ తర్వాత మెల్లగా, “పక్కావిడ ఏదమ్మా?” అంది.

“పై అంతస్తుకి మార్చారు. డాక్టర్లు చూసుకుంటున్నారు. మీరు మీ కాలు చూసుకోండి.”

నర్సమ్మ ఆ మాట ట్రేతో చెప్పినట్టు చెప్పి, తలెత్తకుండా వెళ్లిపోయింది.

మిషనమ్మ ఆమెకు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఎడమపిక్క. కోత పడింది కుడికాలికి. ఎడమకాలు మంచికాలు, దానికేం కావాలి? అయినా పొద్దున్నుంచి పిక్కలో ఏదో పీకుతోంది. తడిగుడ్డను ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండుతున్నట్టు. నర్సమ్మ మేజోడు తొడుగుతున్నప్పుడు పళ్లు బిగపట్టి ఊరుకుంది. చెబితే ఏమంటారు? స్కానింగ్ అంటారు, ట్రాలీ అంటారు. ఆ ట్రాలీ కారిడార్ చివరన ఉన్న రెండు రెక్కల తలుపులు తోసుకుని వెళ్తుంది. కండక్టరమ్మ వెళ్లింది కూడా ఆ తలుపుల్లోంచే.

అప్పుడు వచ్చింది చెల్లెలు.

చెల్లెలిని వీధిలో వెన్నచేతులు అంటారు. పసిపిల్లలకూ బాలింతలకూ నూనె రాసి ఒళ్లు పట్టడం ఆమె పని. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా ఆ చేతుల్లో పడితే రెప్పలు వాలుస్తాడు. పైగా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. వార్డులోకి వస్తూనే వరసగా అన్ని మంచాలనూ పలకరించి, అందరి జబ్బులకూ తలా ఒక సలహా పడేసి, ఆఖరికి అక్క దగ్గరికి చేరే మనిషి. ఇవాళ మాత్రం గోడవారగా వచ్చి స్టూలు మీద కూర్చుంది. కూర్చుని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

“తిన్నావా?” అంది మిషనమ్మ.

“ఆఁ.”

“ఏం తిన్నావు?”

“ఏదో ఒకటి తిన్నాలే.”

“ముఖం అలా పెట్టావేమే?”

“నా ముఖం ఎప్పుడూ ఇంతే. నువ్వే సరిగ్గా చూసుండవు.”

మామూలప్పుడైతే ఆ మాట చివర ఒక నవ్వు ఉండేది. ఇవాళ లేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది.

“పిల్లా, కండక్టరమ్మ ఏమైందే? నువ్వు ఇక్కడే ఉన్నావుగా నిన్న.”

“డిశ్చార్జి అయిందట.”

“ఎవరు చెప్పారు?”

“అనుకుంటున్నారు.”

“నర్సమ్మేమో పై అంతస్తు అంది. నువ్వేమో ఇంటికంటున్నావు. ఒక్క మనిషి రెండు బస్సులెలా ఎక్కుతుందే?”

చెల్లెలు కిటికీ వైపు తిరిగింది. కిటికీ బయట నీళ్ల పైపులూ, ఆరేసిన ఆకుపచ్చ ఆపరేషన్ గౌన్లూ తప్ప చూడ్డానికి ఏమీ లేవు. వాటినే చూస్తూ ఉండిపోయింది.

మిషనమ్మకు పిక్క మళ్లీ పీకింది. ఈసారి కాస్త గట్టిగానే. ఓర్చుకోలేక అంది.

“అదంతా పోనీగానీ, ఈ ఎడమకాలి మేజోడు తీసెయ్యవే. పిక్క లాగేస్తోంది. కాసేపు ఒత్తు.”

ఇందులో కొత్తేమీ లేదు. వచ్చిన నాటినుంచీ రోజూ జరిగే తంతే. నర్సమ్మ అలా వెళ్లగానే చెల్లెలు తలుపు వైపు ఒక చూపు చూసి, “కోసిన కాలికంటే సరే. ఈ మంచికాలికి ఎందుకు ఈ బందిఖానా? ఉక్కకి ఉడికిపోతోంది పాపం,” అని మేజోడు ఊడలాగి పరుపు కింద దాచేది. రెండు చుక్కల నూనె వేసుకుని పిక్క పట్టేది. నర్సమ్మ బూట్ల చప్పుడు వినిపిస్తే దుప్పటి లాగి కప్పేది. అక్కాచెల్లెళ్లిద్దరూ బళ్లో దొంగతనంగా జామకాయ కొరికిన పిల్లల్లా నవ్వుకునేవాళ్లు.

ఇవాళ చెల్లెలు చివాలున లేచింది. స్టూలు వెనక్కి పడింది.

“ఏ కాలు?”

“ఎడమది. ఏం?”

“పీకుతోందా? ఎప్పటినుంచి?”

“పొద్దున్నుంచి. అలా నిలబడ్డావేం, రా.”

“నేను ముట్టుకోను.”

“ఏమిటీ?”

“నేను ముట్టుకోనక్కా. ఇంక ఎవరి కాళ్లూ ముట్టుకోను.”

మిషనమ్మ మోచేతుల మీద లేవబోయింది. కుడిమోకాలు చురుక్కుమంది. అయినా లేచి దిండుకి ఆనుకుంది.

“ఇటు చూడు. నా కళ్లలోకి చూడు. ఏం చేశావే?”

చెల్లెలు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది.

“నువ్వు ఫిజియో గదికి వెళ్లావు. ఆవిడ నన్ను పిలిచింది. ‘పిల్లా, మీ అక్క కాలు పడుతుంటే చూడలేక చస్తున్నానే, నా కాలు కూడా ఒకసారి పట్టు, నీ పుణ్యముంటుంది’ అంది. ఆపరేషన్ కాలి మీద చెయ్యి వెయ్యొద్దని సిస్టర్ అన్నారు కదా. నేను వెయ్యలేదక్కా, ఒట్టు. మంచికాలే పట్టాను. పిక్క గట్టిగా ఉంది. వేడిగా ఉంది. గాలి బిగిసినప్పుడు పసిబిడ్డ పొట్ట ఉంటుందే, అలా. నరం పట్టిందనుకున్నాను. కింద మడమ దగ్గర్నుంచి పైదాకా బలంగా తీశాను.”

“ఆ తర్వాత?”

“‘అబ్బ, ప్రాణం లేచొచ్చిందే’ అంది. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. నవ్వుతూ ఏదో చెప్పబోయింది. ఒక రోజు బస్సులో ఒక కోడిపుంజుకి టిక్కెట్టు కొట్టానని...” చెల్లెలు కొంగు ముడిని పిడికిట్లో బిగించింది. “ఆ కోడిపుంజు సంగతి చెబుతూ మధ్యలో ఆగింది. నోరు తెరిచింది. లోపలికి గాలి పోవడం లేదు. ముఖం ఇటుక రంగుకి వచ్చి, ఆ తర్వాత సీసం రంగుకి వచ్చింది. ఈల నోట్లో పెట్టుకుంది. ఊదలేకపోయింది. తీసి నా నోటి దగ్గర పెట్టింది. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. పరిగెత్తుదామంటే వదలదే!”

మిషనమ్మకు ఫిజియో గదిలో విన్న ఆ చప్పుడు మళ్లీ వినిపించింది. పొడుగ్గా, ఆగకుండా.

“అయితే ఆ ఈల ఊదింది...”

“నేనే. ఊదాను. ఊదుతూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. నవ్వులు వినిపించాయి అక్కా. నేను ఊదినకొద్దీ అక్కడ నవ్వుతున్నారు.”

ఆ నవ్వుల్లో తన నవ్వు కూడా ఉందని మిషనమ్మ చెప్పలేకపోయింది.

చెల్లెలు కొంగు ముడి విప్పింది. ముడిలో ఈల ఉంది. నలుపు తాడు, పళ్లగాట్లు పడిన పాత ఈల.

“ఆఖరికి సిస్టర్ వచ్చి చూసి మంచం ఎక్కి గుండె మీద... నన్ను బయటికి తోసేశారు. ఈల నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికిచ్చేది? ఏమని ఇచ్చేది?”

గట్టిగా. వేడిగా. ఆ రెండు మాటలూ మిషనమ్మ చెవుల్లో జోరీగల్లా తిరుగుతున్నాయి. ఆమె మెల్లగా దుప్పటి పక్కకి తీసింది.

ఎదుటి మనిషి గుమ్మంలో నిలబడగానే టేపు పట్టకుండానే చేతి చుట్టు ఎంతో, నడుము చుట్టు ఎంతో చెప్పగల కళ్లవి. ఆ కళ్లతో తన కాళ్లను తనే చూసుకుంది. కుడిమోకాలు కట్టుతో లావుగా ఉంది. అది సహజమే, వాపు ఉంటుందని ముందే చెప్పారు. మోకాలి కింద చూసింది. కుడిపిక్క, ఎడమపిక్క. కత్తి పడిన కాలికంటే కత్తి పడని కాలు లావుగా ఉంది. మేజోడు అంచు ఎడమ వైపు మాంసంలోకి దిగిపోయి ఉంది, కొలత తప్పి కుట్టిన రవిక చేతిలా.

అది చెల్లెలు కూడా చూసింది.

“చెప్పకక్కా,” అంది. గొంతు వినిపించీ వినిపించకుండా ఉంది. “నీకు దణ్ణం పెడతాను. చెబితే మేజోడు ఎవరు తీశారంటారు. ఎవరు ఒత్తారంటారు. ఆవిడ సంగతీ నీ సంగతీ కలిపి చూసుకుంటారు. రేపటినుంచి ఏ తల్లి తన బిడ్డను నా చేతుల్లో పెడుతుంది? నా చేతులు తప్ప నాకేముంది? ఒక్కరోజు చూద్దాం. మేజోడు బిగుతుకి ఉబ్బిందేమో. రేపటికి అదే దిగుతుంది.”

నిజం చెప్పాలంటే మిషనమ్మకూ అదే కావాలి. ఆ మాట తన నోటినుంచి కాక ఇంకెవరి నోటినుంచైనా వస్తే బాగుండునని పొద్దున్నుంచీ ఎదురుచూస్తోంది. రేపు చూద్దాం. ఎంత చల్లని మాట! దుప్పటి కప్పేస్తే కాలు కనిపించదు. కనిపించకపోతే ఏమీ లేనట్టే. ట్రాలీ రాదు. ఆ రెండు రెక్కల తలుపులు ఎక్కడుండాల్సినవి అక్కడే ఉంటాయి. ఆమె చెయ్యి దుప్పటి అంచు మీదికి పోయింది. కప్పబోయింది కూడా.

అంతలో గుర్తొచ్చింది. మొన్న సాయంత్రం కండక్టరమ్మ ఇటు తిరిగి పడుకుని, మోకాలు మార్చని కాలు నిమురుకుంటూ అంది. “పిక్క కాస్త పీకుతోంది వదినా. చెబితే మళ్లీ స్కానింగులంటారు, వాళ్లకి పనా పాటా? రేపు చూద్దాంలే.”

మిషనమ్మ దుప్పటి వదిలేసింది. బెల్లు కోసం తడిమింది. బెల్లు మీట తీగ దిండు పక్కనుంచి జారి మంచం వెనకాల పడిపోయి ఉంది. అటు ఒంగడానికి కుడిమోకాలు ఒప్పదు.

“బెల్లు అందియ్యి.”

చెల్లెలు కదల్లేదు.

“అందియ్యవే!”

“నావల్ల కాదక్కా.” చెల్లెలు తన చేతులనే చూసుకుంటోంది. “నా వల్ల కాదు.”

“సరే. అయితే ఆ ఈల ఇటివ్వు.”

చెల్లెలు తలెత్తింది. అక్క చెయ్యి గాలిలో చాచి ఉంది. పసితనంలో నూతి గట్టు మీద జారినప్పుడు తనను పట్టుకుని పైకి లాగింది ఆ చెయ్యే. చెల్లెలు మోకాళ్ల మీద నడిచి వచ్చి, ఈలను అందులో పెట్టింది.

మిషనమ్మ ఊదింది.

కండక్టరమ్మలా ఊదడం ఆమెకి రాదు. తడబడుతూ, తెగుతూ వచ్చింది చప్పుడు. మళ్లీ ఊదింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వార్డంతా ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో తెల్లబూట్లు పరిగెత్తుకుంటూ రావడం దూరంనుంచే వినిపించింది.

“ఎవరు? ఎవరు ఊదింది?” నర్సమ్మ గుమ్మం పట్టుకుని రొప్పుతోంది. ముఖంలో రక్తం లేదు.

“నేనేనమ్మా. వేళాకోళానికి కాదు. ఎడమపిక్క. పొద్దున్నుంచి పీకుతోంది. మీకు చెప్పకుండా దాచాను.”

నర్సమ్మ కాలి దగ్గర వంగి మేజోడును ఉల్లిపొర తీసినంత మెల్లగా తీసింది. చేతి వెనకభాగం ఆనించి వేడి చూసింది. మిషనమ్మ ఆ భయంలో అలవాటు కొద్దీ పాదాలు ఆడించబోయింది.

“వద్దు!” అంది నర్సమ్మ గబుక్కున. “మిషన్ ఆపండి. పాదం కదపకండి.”

ఇన్నాళ్లూ తొక్కమని వెంటపడిన మనిషి ఆపమంటోంది. మిషనమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

నర్సమ్మ తన వేళ్లు ఒకదానితో ఒకటి రాసి చూసుకుంది. పొద్దున తుడిచినా పోని నూనె. “దీన్ని ఎవరైనా ఒత్తారా అమ్మా?”

“అది... నేనే చేత్తో...” అని మిషనమ్మ మొదలుపెట్టింది.

“నేను సిస్టర్,” అంది చెల్లెలు వెనకనుంచి. లేచి నిలబడింది. చేతులు రెండూ ముందుకు చాపింది, ఎవరో బేడీలు వేస్తారన్నట్టు. “నిన్నటి వరకు రోజూ నేనే ఒత్తాను. మేజోడు కూడా నేనే తీశాను. నిన్న ఆవిడ కాలు కూడా ఒత్తింది నేనే.”

నర్సమ్మ ఆ చేతులవైపు చూసింది. ఆమె కోపంతో అరిచి ఉంటే చెల్లెలికి కాస్త తేలికపడేదేమో. ఆమె అరవలేదు.

“ఆవిడ బతికే ఉందమ్మా. ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఇంకా మాట రాలేదు. కాలిలోని రక్తపు గడ్డ పైకి వెళ్లి ఊపిరితిత్తుల్లో అడ్డుపడింది. మీరు చెయ్యి వెయ్యకముందే ఆ గడ్డ కాలిలో ఉండి ఉంటుంది. మీరు ఒత్తబట్టి కదిలిందా, దానంతటదే కదిలిందా, అది ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. ముందురోజే నొప్పి ఉందని నాతో ఒక్క ముక్క అని ఉంటే...” అక్కడితో ఆపేసి జేబులోంచి టేపు తీసింది.

కొలతల టేపు. మిషనమ్మ మెడలో ఎప్పుడూ వేలాడే టేపు లాంటిదే. నర్సమ్మ కుడిపిక్క చుట్టూ పట్టింది. ఎడమపిక్క చుట్టూ పట్టింది. అంకె చూసింది. టేపు తీసేసి మళ్లీ అదే చోట పట్టింది.

అప్పుడు తెలిసిపోయింది మిషనమ్మకు. చెయ్యి తిరిగిన మనిషి ఒకే చోట రెండోసారి టేపు పట్టదు, మొదటిసారి వచ్చిన కొలత నచ్చకపోతే తప్ప.

నర్సమ్మ టేపు చుట్టకుండానే జేబులో కుక్కుకుంది. మంచానికి అటూ ఇటూ ఉన్న కడ్డీలు ఎత్తి ఖణేల్‌మని బిగించింది. “ట్రాలీ తీసుకురండి! డాక్టర్‌ని పిలవండి!” అని కారిడార్లోకి కేకవేసి ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. ఆ చివర్న ఎక్కడో చక్రం కీచుమంది. రెండు రెక్కల తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

చెల్లెలు కడ్డీ పట్టుకుని నిలబడి నిశ్శబ్దంగా ఏడుస్తోంది. మిషనమ్మ కడ్డీల మధ్యనుంచి చెయ్యి చాపి ఆ వెన్నచేతిని పట్టుకుంది. పిచ్చిదానా, ఎందుకేడుస్తావు, చెప్పేశాం కదా, అనబోయింది.

“పిచ్చి...” వరకే వచ్చింది.

మిగతా మాటకి ఊపిరి చాల్లేదు. భయమేలే అనుకుంది. మళ్లీ పీల్చింది. ఊపిరి సగందాకా వచ్చి ఆగిపోయింది, మిషన్ కింద దారం ముడిపడి సూది బిగుసుకుపోయినట్టు. రొమ్ములో ఒక పక్కన సన్నగా, పదునుగా ఏదో గుచ్చింది.

చెల్లెలు అక్క ముఖం చూసింది. ఇటుక రంగు. నిన్న చూసిన రంగే.

ఆమె పరుపు మీద పడి ఉన్న ఈల అందుకుంది.

— పెద్దక్క (అందరూ పిలిచేది అలాగే), డెబ్బయి ఒకటో ఏడు. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, వీధివైపు గదిలో.